పేర్లు పడని ఓటు

మజ్జిగ బిందె చంకన పెట్టుకుని నేను పంక్తి మొదట్లో నిలబడి ఉన్నాను. మామగారు ఇంకా చారన్నం తింటున్నారు. ఆయన ఎడమ పక్కన మా చిన్నోడు కూర్చుని వడ కొరుకుతున్నాడు. కుడి పక్కన కూర్చున్నాయన ఆకు మడిచి లేచాడు. ఆ పక్కాయనా లేచాడు. తర్వాత ఒకరి వెంట ఒకరు, వరుస చివరిదాకా లేచిపోయారు. ఒక్కరూ మజ్జిగ పోయించుకోలేదు. షామియానా కింద ఆ పొడుగాటి బల్ల మీద మడిచిన ఆకులు, వాటి మధ్య మామగారు, మా చిన్నోడు.

మా ప్రాంతంలో పంక్తిలో పెద్దవాళ్లు ఆకు మడిచేదాకా ఎవరూ లేవరు. ఎంత తొందర పనున్నా వేలితో ఆకు మీద గీతలు గీస్తూ కూర్చోవలసిందే. ఒక్కరు లేస్తే మరిచిపోయారనుకోవచ్చు. అందరూ లేచారంటే ముందే అనుకుని వచ్చారన్నమాట.

మామగారు తలెత్తి నన్ను చూసి "పొయ్యమ్మా" అన్నారు. పోశాను. ఎప్పటిలాగే నిదానంగా కలుపుకుని తిన్నారు. మధ్యలో మనవడితో, "నమిలి తిను నాయనా. మనల్ని ఎవురూ తరమడం లేదు" అన్నారు.

ఆ ఇల్లు నా పుట్టిల్లు. కృష్ణగిరి దారిలో, గురుబరపల్లిలో. ఆ రోజు మా అన్న కూతురికి చెవులు కుట్టించారు. లేచిపోయినవాళ్లలో చాలామంది బళ్లో మామగారి దగ్గర చదువుకున్నవాళ్లే. మా అన్న సాంబారు బకెట్టు పట్టుకుని అవతల నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు.

హోసూరుకు తిరిగి వచ్చాం. ఇల్లు చేరి చెప్పులు విప్పుతూ మా పాప నన్ను అడిగింది.

"అమ్మా, తాత మామవాళ్ల మామిడిచెట్లు నరకమని చెప్పినాడంట కదా? మామ కూతురు చెప్పింది. నిజమేనా?"

"తర్వాత చెప్తాను" అన్నాను. "తర్వాత అంటే ఎప్పుడు?" అంది. దానికి తొమ్మిదేళ్లు. అడిగింది మరిచిపోయే పిల్ల కాదు.

మామగారు ఆ చుట్టుపక్కల బళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. సొంతూరు రాయకోట దగ్గర. ఢిల్లీలో పెద్దల సభకు ఈ సరిహద్దు తెలుగువాళ్లలో ఒకరిని పంపాలని పార్టీ అనుకున్నప్పుడు ఆ సీటు కోసం ఇద్దరు పెద్దమనుషులు తగవు పడ్డారు. ఎవరితోనూ తగవు లేని ఈయన పేరు అలా తేలింది. రాజ్యసభ అంటే ఏమిటో మా వీధిలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. కూరగాయలమ్మే ఆమె నా ముందే, "మన ఓటు అడగకుండానే ఎంపీ అయినోడు మీ మామ. మనం రోడ్డు అడిగితే ఎట్ల వేయిస్తాడు?" అంటుంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు.

ఆయన కంప్యూటర్ పని నాది. రాజనీతిశాస్త్రం చదివి ఇంట్లో కూర్చున్నదానివి, నీకంటే ఎవరికి తెలుస్తుందమ్మా అని నాకు అప్పగించారు. ఆయన చెబుతుంటే ప్రశ్నలు టైపు చేస్తాను. తెలుగులో మాట్లాడదలిస్తే ముందే కబురు పంపాలి, అప్పుడే అక్కడ అనువాదం చేసేవారిని కూర్చోబెడతారు. ఆ కబురూ నేనే పంపుతాను. సభ వెబ్‌సైటులో ఆయన పేరు నొక్కితే ఏమేమి వస్తాయో నాకు కంఠతా వచ్చు. తెలుగు బళ్లకు పాఠ్యపుస్తకాలు ఆలస్యమవుతున్నాయని ఒక ప్రశ్న, జవళగిరి వైపు ఏనుగులు తొక్కిన పంటలకు పరిహారం గురించి ఇంకొకటి, రాయకోట మీదుగా పోయే రైళ్ల గురించి, టమాటా ధరల గురించి మరికొన్ని. హాజరు బాగుంటుంది. ఓట్ల దగ్గరికి వస్తే మాత్రం దాదాపు ఏమీ కనబడదు.

ఎందుకో ఆయనే పిల్లలకు చెప్పారు. అక్కడ ఎక్కువ ఓట్లు గొంతుతోనే. అధ్యక్షస్థానంలో ఉన్నాయన ఒప్పుకునేవాళ్లు 'ఆయ్' అనండి, ఒప్పుకోనివాళ్లు 'నో' అనండి అంటారు. ఏ గొంతు పెద్దగా వినబడితే అది గెలిచినట్టు. ఎవరు ఏమన్నారో ఎక్కడా రాయరు. ఒక సభ్యుడు లేచి డివిజన్ కావాలని పట్టుబడితే అప్పుడు గంట మోగిస్తారు, తలుపులు మూస్తారు, ఎవరి సీటు దగ్గర వాళ్లు బొత్తాం నొక్కాలి. పేరు పేరునా ఓటు పడుతుంది.

అప్పటినుంచి మా ఇంట్లో దోసెనా ఉప్మానా అన్నది కూడా సభ పెట్టే తేలుస్తున్నారు. మామగారు కుర్చీలో కూర్చుని అడుగుతారు. చిన్నోడు ఒక్కడే 'ఆయ్' అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు, గెలుస్తాడు. పాప వెంటనే లేచి "డివిజన్" అంటుంది. మామగారు చెంచాతో గ్లాసు మీద గంట కొడతారు, చేతులు లెక్కపెడతారు, చిన్నోడు ఓడిపోతాడు. వాడు ఏడిస్తే, "ఏమప్పా, అరిచినోడిది కాదు రాజ్యం" అంటారు.

పోయిన వానాకాలం సమావేశాల్లో ఒక సవరణ బిల్లు వచ్చింది. పెద్ద కరెంటు తీగలు పొలాల మీదుగా లాగాలంటే అంతకుముందు రైతు ఒప్పుకోలు కావాలి. దాన్ని తీసేసి నోటీసు ఇస్తే చాలని మార్చారు. ఆ ప్రసంగం నేనే టైపు చేశాను. ఒప్పుకోలు తీసేయవద్దని, చెట్టంటే ఒక కాపు కాదు ఒక తరం అని ఆయన తెలుగులో మాట్లాడారు. టైం అయిందని గంట కొట్టారు, కూర్చున్నారు. వీడియో చూసి ఇంట్లో అందరం మురిసిపోయాం. ఆ తర్వాత ఏం జరిగిందో మేము చూడనే లేదు.

ఇప్పుడు గురుబరపల్లి తోటల్లో తీగలు పోయే దారికి గుర్తుగా ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతి పోయారు. ఆ దారిలో పడిన చెట్లు కొట్టేస్తారు. మా అన్న తోటలో అవి మధ్య వరుస వెంబడి ఉన్నాయి. మా నాన్న నాటిన చెట్లవి. కొలతలకు వచ్చినవాళ్లను అడిగితే చట్టం మారింది, నోటీసు చాలు అన్నారట. ఎవరు మార్చారంటే, మీ సారు కూర్చునే సభలోనే అన్నారట.

వేడుకైన మూడో నాడు మా అన్న ఫోన్ చేశాడు. నా బాగోగులు అడగలేదు.

"ఆదివారం సాయంత్రం పాల సొసైటీ ముందర మీటింగు పెట్టుకున్నాము. మామను రమ్మను."

"దేనికన్నా?"

"ఆ పొద్దు సభలో ఏమన్నాడో చెప్పేదానికి. వస్తే వచ్చినాడు, లేకుంటే లే. రాకుంటే ఇంక మా ఊరికి రావద్దని చెప్పు."

"నన్ను కూడానా?"

"అది నువ్వే ఆలోచించుకో" అని పెట్టేశాడు.

నాకు భయం ఎక్కువ. స్కూలు వ్యాను కాస్త ఆలస్యమైతే గేటు దగ్గరే నిలబడిపోతాను. గ్యాసు కట్టేశానా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఆ వారం భయం వేరు. రాయి విసురుతారేమో, చొక్కా పట్టుకుంటారేమో అని ఒకటి. మా అమ్మ ఉన్న ఇంటి వాకిలి ఇక నాకు, నా పిల్లలకు మూసుకుపోతుందేమో అన్నది ఇంకొకటి. రెండోదే పెద్దది.

శనివారం పొద్దున అనపకాయలు ఒలిచి నానబెట్టిన గింజలు వంటింటి గట్టు మీద ఉన్నాయి. పితికిపప్పు చేయాలంటే మా ఇంట్లో అందరూ కూర్చోవాలి. మా ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకోకుండా కూర్చున్నాడు. మామగారు గింజను వేళ్ల మధ్య పట్టి నొక్కితే పప్పు గిన్నెలో పడుతోంది, తొక్క ఆయన చేతిలో ఉంటోంది.

అంతకుముందే పార్టీ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టడంతో మేమూ విన్నాం. "సార్, రికార్డులో ఎవరి పేరూ లేదు కదా. మీ ప్రసంగం ఉంది. వ్యతిరేకించినానని చెప్పేయండి, పని అయిపోతుంది" అన్నాడు. మామగారు సరే చూస్తాను అన్నారు.

"ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది నాన్నా?" అన్నాడు మా ఆయన. "మాట్లాడింది నిజమే కదా."

నేనూ అదే పక్షం. ఆయన ప్రసంగం ముక్క ఒకటి కత్తిరించి ఫోన్లో పెట్టుకున్నాను. "మామా, ఈ వీడియో చూపిస్తే చాలు. మీరు నోరు తెరవక్కర లేదు" అన్నాను.

మామగారు గింజలు పితుకుతూనే, "మీరు కూడా నన్ను అడగలేదే, ఓటప్పుడు ఏమన్నానని" అన్నారు.

ఇద్దరం ఆయన వైపు చూశాం.

"ఔననే అన్నాను. పార్టీ చెప్పింది. పక్కనున్నోళ్లు అన్నారు, వాళ్లతోపాటు నా గొంతూ లేచింది."

"అంతమంది అరుపులో మీ గొంతు ఎవరికి వినబడి ఉంటుంది మామా?" అన్నాను.

"నాకు వినబడింది కదమ్మా."

మా ఆయన లేచి, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. కోపం వస్తే అలాగే పోతాడు. నేను చాలాసేపు పితుకుతూ కూర్చున్నాను. వద్దని ప్రాధేయపడాలని ఉంది. మా పుట్టింటి మాట ఎత్తాలని ఉంది. ఎత్తలేదు. అది ఆయనకు తెలియంది కాదు.

ఆదివారం మా ఆయనకు మళ్లీ షిఫ్టు. కారు నేనే నడిపాను. పిల్లల్ని ఎవరి దగ్గరా వదలబుద్ధి కాక వెంట తీసుకుపోయి మా అమ్మ దగ్గర దింపాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఆయన్ని ఎక్కువ మాట్లాడొద్దని చెప్పు" అంది. తోటలు పూత మీద ఉన్నాయి. ఊరంతా ఆ వాసనే.

పాల సొసైటీ ముందు క్యాన్లు పక్కకు నెట్టి చాపలు పరిచారు. సాయంత్రం పాలు పోసి ఆడవాళ్లు కూడా ఆగిపోయారు. మామగారికి కుర్చీ వేసి ఉంది, కానీ ఎవరూ కూర్చోమనలేదు. ఆయన నిలబడే ఉన్నారు. నేను ఆయన వెనక, ఫోన్ చేతిలో పట్టుకుని.

"ఏం సార్, బాగుండావా?" అన్నాడు ఒకాయన. పంక్తిలో మొదట లేచింది ఆయనే. "ఢిల్లీలో గొంతు బాగానే లేస్తాదంట కదా?"

నవ్వారు కొందరు.

"నువ్వు ఓటుకు ముందర సభలో మాట్లాడింది వీడియో ఉండాదంట. మీ కోడలు తెచ్చిందంట. చూపించమను" అన్నాడు ఇంకొకతను. మీటింగు మైకు అతని దగ్గరే ఉంది.

నేను మామగారి వైపు చూశాను. "చూపించమ్మా" అన్నారు. "నువ్వు కత్తిరించింది కాదు. మొత్తం."

ఫోను మైకు దగ్గర పెట్టారు. మామగారి గొంతు ఊరంతా వినబడింది. చెట్టంటే ఒక కాపు కాదు అన్నచోట ఒకరిద్దరు తలూపారు. గంట మోగింది, ఆయన గొంతు ఆగింది. నా బొటనవేలు ఆపే గుర్తు మీదే ఉంది. ఆపలేదు. తర్వాత వేరేవాళ్లు మాట్లాడిన భాగం దాటించాను. అధ్యక్షస్థానంలో ఉన్నాయన చదివినట్టుగా అడిగాడు. 'ఆయ్' అని ఒక పెద్ద హోరు లేచింది. తర్వాత కొన్ని 'నో'లు. బిల్లు నెగ్గింది. ఒక గుక్క నీళ్లు తాగే సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అంది పాలక్యాను పక్కన కూర్చున్న ఒక ముసలామె.

"ఇంతేనమ్మా" అన్నారు మామగారు.

"మళ్లీ పెట్టు" అన్నారెవరో. మళ్లీ పెట్టాను. అందరూ తలలు వంచి విన్నారు, ఆ హోరులో ఒక్క గొంతు పట్టుకోవాలని. మా అన్న కళ్లు మూసుకుని విన్నాడు. ఎవరికీ పట్టుబడలేదు.

"దాంట్లో నాది ఉండాది" అన్నారు మామగారు. "వెతకొద్దు. నేనే చెప్తుండాను. మాట్లాడినప్పుడు వద్దన్నాను, ఓటప్పుడు ఔనన్నాను."

నేను జనం చేతుల వైపే చూస్తున్నాను. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

"పార్టీ మాట కాదంటే సీటు పోతాదని భయపడినావా?" అడిగాడు మైకు పట్టుకున్నతను.

"భయమే. అయితే ఆ భయానికి కూడా పని లేదు. గొంతు ఓటులో ఎవురు ఏమన్నదీ తెలియదు."

"మరి నోరు మూసుకొని ఉండి ఉంటే?" అంది ముసలామె. "ఆ మాత్రం చేతకాలేదా అప్పా?"

"ఆ మాత్రం కూడా చేయలేదమ్మా."

పంక్తిలో మొదట లేచినాయన ముందుకొచ్చాడు. "క్లాసులో సుద్దముక్క పోతే, తీసినోడు లేచి నిలబడండ్రా అనేవాడివి కదా సార్. నిలబడేదాకా మమ్మల్నందర్నీ ఎండలో పెట్టేవాడివి."

"పెట్టినాను. ఇప్పుడు నిలబడే ఉండాను కదా" అన్నారు మామగారు. "ఇంకొకటి కూడా చెప్పాల. ఆ పొద్దు ఒక్కడు లేచి పేర్లతో ఓటు పెట్టమని అడిగి ఉండొచ్చు. అడిగుంటే ఎవురు ఔనన్నారో, ఎవురు కాదన్నారో మీకందరికీ తెలిసేది. ఎవురూ అడగలేదు. నేనూ అడగలేదు. వచ్చే సమావేశాల్లో ఒప్పుకోలు మళ్లీ పెట్టమని అడుగుతాను. ఇట్లాంటిది ఇంకొకటి వస్తే పేర్లు అడుగుతాను. అప్పుడు నా పేరు యాడుంటాదో మీరే చూడండి."

"అప్పటికి చెట్లుంటాయా?" అన్నాడు మా అన్న. ఆ సాయంత్రం వాడు మాట్లాడిన మొదటి మాట అదే.

గొడవ కొంచెం లేచింది, ఒకరి మీద ఒకరు మాట్లాడారు, ఒకతను చాప తన్ని వెళ్లిపోయాడు. ఒక పెద్దాయన అందర్నీ ఊరుకోబెట్టి చివరికి అన్నాడు. "రేపు సోమవారం. కలెక్టర్ ఆఫీసుకు అర్జీ పట్టుకొని పోతుండాము. నువ్వూ రా. ముందర నిలబడి ఫోటో దిగేదానికి కాదు. మా వెనక నిలబడు."

"వస్తాను" అన్నారు మామగారు.

కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోయింది.

మా అమ్మ ఇంట్లో తిని పొమ్మన్నవాళ్లు లేరు. అమ్మ పిల్లలకు పెరుగన్నం పెట్టేసి ఉంది. అన్న తోట వైపు నుంచి వచ్చి, మా ఇద్దరినీ దాటి, చిన్నోడి దగ్గర ఆగాడు. వాడి జేబులో ఒక మామిడిపూత రెబ్బ పెట్టాడు. నాతో మాత్రం, "హెడ్‌లైట్ సరి చేయించుకో, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లల్లో పడుతుండాది" అన్నాడు. అది ఇక రావద్దన్న మాటా, రమ్మన్న మాటా నాకు తెలియలేదు. దారి పొడుగునా దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాను. రావద్దనుకున్న మనిషి చెల్లెలి కారు దీపం సంగతి ఎందుకు చెబుతాడు అని ఒకసారి, ఆ మాట దారిన పోయేవాళ్లకైనా చెబుతారు అని ఒకసారి.

కొన్ని వారాల తర్వాత, ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇదంతా రాస్తుంటే కూడా అది ఇంకా తేలలేదు. తోటలో రాళ్లు అలాగే ఉన్నాయి. అర్జీకి జవాబు రాలేదు. పార్టీ నుంచి మామగారికి ఫోన్లు తగ్గిపోయాయి.

ఆ మీటింగు మర్నాడు, సోమవారం పొద్దున, మామగారు తెల్లచొక్కా కాకుండా ఇంట్లో వేసుకునే గళ్లచొక్కా వేసుకుని, కారు వద్దని, కృష్ణగిరి బస్సుకు పోయారు. పిల్లలు స్కూలుకు తయారవుతున్నారు. నేను పాపకు జడ వేస్తున్నాను. పాప అద్దంలోంచి నన్నే చూస్తోంది.

"తర్వాత చెప్తానన్నావు" అంది.

చిన్నోడిని కూడా పిలిచాను. కూర్చోబెట్టి చెప్పాను. "తాత చెట్లు నరకమని చెప్పలేదు. నరకొద్దనే ముందు మాట్లాడినాడు. ఆ తర్వాత ఓటప్పుడు అందరితో కలిసి ఆయ్ అన్నాడు. దానివల్ల మామ తోటలో రాళ్లు పాతినారు. అది తప్పు. ఆ మాట నిన్న ఊరి ముందర తాతే చెప్పినాడు. మామ కూతురు మళ్లీ అడిగితే ఇట్లే చెప్పండి. తగ్గించొద్దు, కలపొద్దు."

"తాత డివిజన్ అడగలేదా?" అంది పాప.

"అడగలేదు."

"నేనైతే అడిగేదాన్ని."

"అడుగు" అన్నాను. "ఎప్పుడూ అడుగు."

చిన్నోడు నిన్నటి నిక్కరు జేబులోంచి తీసిన పూత రెబ్బను టిఫిన్ డబ్బాలో పెట్టుకుంటున్నాడు. అప్పటికే సగం రాలిపోయింది. "తాత ఇంత పొద్దున్నే యాడికి పోయినాడు?" అన్నాడు.

"కృష్ణగిరికి" అన్నాను. "మామ వాళ్లందరి వెనక నిలబడేదానికి."